నలభై దాటాక లారీ స్టీరింగు పట్టాలంటే

పెద్దదోర్నాల సెంటరులో కాసేపు నిలబడితే చాలు, మన ప్రాంతానికి లారీ ఎంత దగ్గరి బంధువో తెలుస్తుంది. ఒక దారి శ్రీశైలం ఘాట్‌కు ఎక్కుతుంది. ఒకటి నల్లమల అడవిలోంచి ఆత్మకూరు, కర్నూలు వైపు పోతుంది. ఇంకొకటి మార్కాపురానికి, మరొకటి యర్రగొండపాలెం మీదుగా మాచర్ల వైపు సాగుతుంది. గుంటూరు యార్డుకు పోయే మిర్చి బస్తాలు, పత్తి బోరాలు, కందులు, మార్కాపురం పలకలు, చీమకుర్తి గ్రానైటు రాళ్లు, అన్నీ లారీల మీద కదిలేవే.

అదే సెంటరులో టీ బంకు దగ్గర మరో రకం మనుషులు కూడా కనిపిస్తారు. పలకల ఫ్యాక్టరీలో పని తగ్గిపోయినవారు, బోరు ఎండి కౌలు వదిలేసినవారు, ఊరూరా తిరిగి పరుపులు కుట్టే పనికి గిరాకీ పోయినవారు, చిన్న దుకాణం పెట్టి నష్టపోయినవారు. వయసు నలభై, నలభై అయిదు. పిల్లల ఫీజు కోసమో, ఇంట్లో ఆపరేషన్ కోసమో సంస్థల గడప తొక్కేది ఎక్కువగా వీళ్లే. "ఏదైనా పని నేర్చుకోకూడదా భాయ్?" అని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: "ఈ వయసులో నాకెవరు నేర్పుతారు?"

డ్రైవర్లు దొరకడం లేదని లారీ యజమానుల సంఘాలు చాలాకాలంగా చెబుతున్నాయి. పని లేని మనిషి ఒకవైపు, మనిషి లేని పని ఇంకొకవైపు. ఈ రెండింటి మధ్య ఏముంది, దాన్ని దాటడానికి ఎంత కాలం, ఎంత ఖర్చు, ఏ జాగ్రత్తలు కావాలి అన్నది వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. సాయం చేసే చేతులకు ఈ లెక్క తెలిస్తే, ఇచ్చే రూపాయి సరైన చోట పడుతుంది.

వయసు అడ్డమా?

చట్టం దృష్టిలో కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం రవాణా వాహనం నడపడానికి కనీసం 20 ఏళ్లు నిండాలంటుంది. పై వయసుకు హద్దు పెట్టలేదు. ఇంతకుముందు ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధన ఉండేది. బడి మధ్యలో మానేసిన మనవాళ్లు ఎంతోమంది అక్కడే ఆగిపోయారు. ఆ నిబంధనను కేంద్రం 2019లో తీసేసింది. ఈ సంగతి చాలామందికి ఇప్పటికీ తెలియదు. చదువు లేదని పదేళ్ల క్రితం వెనక్కి వచ్చిన మనిషి మళ్లీ ఆ ఆఫీసు వైపు చూడలేదు. అతనికి ఎవరో ఒకరు చెప్పాలి.

అయితే నాలుగు అక్షరాలు రాకపోయినా ఫరవాలేదని దీనర్థం కాదు. రోడ్డు గుర్తులు, ఊళ్ల పేర్లు, లోడు కాగితాలు చదవగలగాలి. లెర్నర్ లైసెన్సు పరీక్ష పాసవ్వాలి. రోజుకు గంట చొప్పున రెండు నెలలు కూర్చోబెడితే పెద్దవాళ్లకు ఇది అసాధ్యం కాదు. ఇంట్లో చదువుకుంటున్న కూతురో కొడుకో ఉంటే ఇంకా సులువు.

లేటు వయసులో ఈ పనిలోకి వచ్చినవారు లేకపోలేదు. భోపాల్‌లో ఉండే యోగితా రఘువంశీ లా చదివిన మనిషి. భర్త ప్రమాదంలో చనిపోయాక పిల్లలను పెంచడం కోసం లారీ స్టీరింగు పట్టి, సరుకుతో రాష్ట్రాలు దాటి తిరిగారు. ఆమె కథ పత్రికల్లో వచ్చింది. ఆమెకు సాధ్యమైంది మన వీధిలోని నలభై నాలుగేళ్ల మనిషికి అసాధ్యం అనుకోవడానికి కారణం లేదు.

లైసెన్సుకు మెట్లు

ఉదాహరణకు, ఏ లైసెన్సూ లేని నలభై నాలుగేళ్ల మనిషిని అనుకుందాం. అతను నేరుగా లారీ లైసెన్సుకు దరఖాస్తు చేయలేడు. మొదట కారు, జీపు తరగతికి చెందిన లైట్ మోటారు వెహికల్ లైసెన్సు, అంటే ఎల్ఎంవీ, తీసుకోవాలి. లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. అది వచ్చిన 30 రోజుల తర్వాత డ్రైవింగ్ పరీక్షకు వెళ్లవచ్చు. ఎల్ఎంవీ లైసెన్సు చేతికి వచ్చి ఏడాది నిండితేనే లారీకి లెర్నర్ లైసెన్సు ఇస్తారు.

ఆ తర్వాత హెవీ వాహనం మీద శిక్షణ. గుర్తింపు పొందిన డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం 5 ధ్రువపత్రం ఉండాలి. 2021లో అక్రెడిటెడ్ శిక్షణ కేంద్రాలకు పెట్టిన నియమాల ప్రకారం భారీ వాహనాల కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు. ఆర్టీసీ కూడా కొన్ని డిపోల్లో హెవీ డ్రైవింగ్ నేర్పుతోంది. ఎక్కడ చేరినా ముందు అడగవలసింది ఒక్కటే: "మనిషికి స్టీరింగు మీద ఎన్ని గంటలు ఇస్తారు?" పది మందిని ఒక లారీ ఎక్కించి, ఒక్కొక్కరికి పది నిమిషాలు ఇచ్చి కాగితం చేతిలో పెట్టే చోటు వద్దు. ఆ కాగితం పరీక్ష దాటిస్తుందేమో గానీ ఘాట్ దాటించదు.

ఇప్పటికే ఆటో నడిపేవారు తమ కార్డు తీసి చూసుకోవాలి. అందులో ఎల్ఎంవీ అని ఉందా, లేక మూడు చక్రాల వాహనం ఒక్కటే ఉందా? ఎల్ఎంవీ ఉండి ఏడాది దాటితే ఒక మెట్టు ఎక్కేసినట్టే. లేకపోతే మొదటి మెట్టు నుంచి రావాలి.

లారీ లైసెన్సు ఒకసారి వచ్చాక అయిదేళ్లు చెల్లుతుంది. 2019 సవరణకు ముందు ఇది మూడేళ్లే. గ్యాసు, పెట్రోలు లాంటి ప్రమాదకర సరుకు మోయాలంటే వేరే శిక్షణ, వేరే ఎండార్స్‌మెంటు ఉంటాయి. దాని గడువు మూడేళ్లు.

ఆ ఏడాది వృథా కాదు

ఏడాది ఆగాలనగానే చాలామంది ఉసూరుమంటారు. ఇక్కడే ఒక మంచి కబురు ఉంది. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఒక తీర్పు ఇచ్చింది. ఎల్ఎంవీ లైసెన్సు ఉన్న వ్యక్తి మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా వాహనాన్ని ప్రత్యేక ఎండార్స్‌మెంటు లేకుండానే నడపవచ్చని అందులో తేల్చింది. అంతకుముందు బీమా కంపెనీలు ఈ కారణం చూపి క్లెయిములను సవాలు చేసేవి. ఇప్పుడు ఆ సందేహం తీరింది.

అంటే మన నలభై నాలుగేళ్ల మనిషి ఎల్ఎంవీ లైసెన్సు రాగానే టాటా ఏస్, బొలేరో పికప్ లాంటి చిన్న సరుకు బండి నడిపి సంపాదించుకోవచ్చు. దోర్నాల నుంచి మార్కాపురానికి కూరగాయలు, సిమెంటు, దాణా, పెళ్లి సామాను, ఏదైనా సరే. ఆ ఏడాదిలో అతను నేర్చుకునేది చాలా ఉంది: సరుకు ఎలా ఎక్కించాలి, తాడు ఎలా బిగించాలి, కిరాయి ఎలా మాట్లాడాలి, వెనక్కి ఎలా తీయాలి. చట్టం ఆపినది అనుకున్న ఏడాది నిజానికి అతని బడి. ఏడాదిన్నర, రెండేళ్లు పోయేసరికి నలభై ఆరేళ్ల వయసులో చేతిలో హెవీ లైసెన్సు ఉంటుంది. ఆరోగ్యం సహకరిస్తే అరవై దాకా పద్నాలుగేళ్ల సంపాదన.

ముందు కన్ను, తర్వాత గేరు

రవాణా లైసెన్సుకు, నలభై దాటినవారికి ఏ లైసెన్సుకైనా, డాక్టరు సంతకంతో ఫారం 1ఏ తప్పనిసరి. పగటి వెలుగులో 25 మీటర్ల దూరంలో ఉన్న బండి నంబరు చదవగలరా, రేచీకటి ఉందా, వినికిడి ఎలా ఉంది, మూర్ఛ వచ్చిందా అని ఆ పత్రం అడుగుతుంది. కొన్ని చోట్ల మనిషిని చూడకుండానే సంతకం చేసి ఇచ్చేస్తారు. అలా తెచ్చుకోవడం అదృష్టం అనుకోకండి. రాత్రిపూట ఎదురు లైటు కళ్లలో పడినప్పుడు ఆ దొంగ సంతకం అక్కరకు రాదు.

నలభై దాటినవారికి దగ్గరి చూపు తగ్గడం మామూలే. కళ్లజోడుతో నడపవచ్చు. అది తప్పు కాదు, సిగ్గూ కాదు. శుక్లం మొదలైతే రాత్రి లైట్లు పువ్వుల్లా విరిసి కనిపిస్తాయి. దానికి ఆపరేషన్ ఉంది. తీయించుకున్నాకే స్టీరింగు పట్టాలి.

షుగరు ఉన్నవారు మరో జాగ్రత్త పాటించాలి. కొన్ని మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి తిండి ఆలస్యమైతే షుగరు ఉన్నట్టుండి పడిపోతుంది. చెమట, వణుకు, కళ్లు తిరగడం మొదలయ్యేసరికి బండి అరవై కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. జేబులో గ్లూకోజు, బిస్కెట్లు ఉండాలి. నడిపేది షుగరు మాత్ర వాడే మనిషని క్లీనరుకు తెలిసి ఉండాలి. రంజాన్ నెలలో దూరపు ట్రిప్పు పడితే డాక్టరునూ ఇమామునూ ముందే అడగడం మేలు. ప్రయాణికుడికీ రోగికీ ధర్మంలోనే వెసులుబాటు ఉంది. ఆ ఉపవాసాలు తర్వాత తీర్చుకోవచ్చు.

పలకల ఫ్యాక్టరీలో ఏళ్లపాటు రాతి దుమ్ము పీల్చినవారు లైసెన్సు సంగతి మాట్లాడేముందు ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవాలి. దమ్ము ఆడని మనిషికి పట్టా కప్పి తాళ్లు బిగించే పని పెట్టడం సాయం కాదు.

స్టీరింగు ఒక్కటే విద్య కాదు

ఖాళీ మైదానంలో లారీ నడపడం వారంలో వస్తుంది. లోడు లారీ నడపడం వేరే విద్య. మిర్చి బస్తాలు తేలిక, కానీ ఎత్తుగా పేరుస్తారు. మలుపులో బండి ఒరుగుతుంది. గ్రానైటు రాయి ఎత్తు తక్కువ, బరువు మొత్తం ఒకే చోట ఉంటుంది. గొలుసు సడలితే బ్రేకు కొట్టినప్పుడు రాయి ముందుకు వస్తుంది. పలకలు గట్టి కుదుపుకు విరుగుతాయి. ఒక్కో సరుకుకు ఒక్కో నడక.

ఘాట్ గురించి పాత డ్రైవర్లు చెప్పే మాట ఒకటుంది: ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేస్తే బరువంతా బ్రేకుల మీద పడుతుంది. బ్రేకులు వేడెక్కి, పట్టు వదిలేస్తాయి. ఎయిర్ బ్రేకు ఉన్న బండిలో గాలి ఒత్తిడి ముల్లు సరైన చోటికి రాకముందు కదలకూడదు. దిగేటప్పుడు ఎగ్జాస్టు బ్రేకు వాడాలి. శ్రీశైలం ఘాట్‌లో ఇవి పుస్తకంలో మాటలు కావు, ప్రాణాలు. ఆ దారిలో పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు రాకపోకలు ఆపుతారు. ఆ వేళలు చూసుకుని బయల్దేరడం కూడా డ్రైవరు విద్యలో భాగమే.

కాగితాల సంగతి ఇంకోటి. ఆర్సీ, బీమా, ఫిట్‌నెస్, పర్మిట్, పొల్యూషన్, సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు. మామూలు సరుకుకు ఈ-వే బిల్లు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున చెల్లుతుంది. దారిలో బండి చెడిపోయి గడువు దాటితే డ్రైవరే ముందు ఇబ్బంది పడతాడు. అందుకే ఫోనులో ఈ కాగితాలు తెరిచి చూపడం, గడువు చదవడం నేర్పాలి.

లైసెన్సు రాగానే ఒంటరిగా పది టైర్ల లారీ ఇచ్చి పంపమని ఎవరినీ అడగకండి. కనీసం ఆరు నెలలు అనుభవం ఉన్న డ్రైవరు పక్కన రెండో డ్రైవరుగా తిరగాలి. ఇరవై ఏళ్ల కుర్రాడు క్లీనరుగా మొదలై నేర్చుకున్నదాన్ని నలభై అయిదేళ్ల మనిషి ఆరు నెలల్లో నేర్చుకోవాలి. తనకన్నా చిన్నవాడు "అన్నా, అలా కాదు" అంటే చిన్నబుచ్చుకోకుండా వినగలగాలి. లేటు వయసులో మొదలుపెట్టినవారికి అన్నిటికన్నా కష్టమైనది బహుశా ఇదే. అయితే ఆ వయసులోని నిదానం, ఇంటి బాధ్యత గుర్తుండటం వాళ్లకున్న బలం.

నిద్రతో పందెం వద్దు

పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి చేతి పట్టు, చూపు, స్పందన మద్యం తాగిన మనిషికి దగ్గరగా ఉంటాయని 1997లో వచ్చిన పరిశోధన చూపింది. తాగని మన మనిషి నిద్ర లేక తాగినవాడితో సమానమవుతాడు. అర్ధరాత్రి దాటాక తెల్లవారే వరకు, మళ్లీ మధ్యాహ్నం భోజనం తర్వాత కునుకు బలంగా వస్తుంది. వయసు పెరిగినకొద్దీ రాత్రి జాగరణ నుంచి కోలుకోవడం ఆలస్యమవుతుంది. టీ, గుట్కా, మెలకువ మాత్రలు నిద్రను వాయిదా వేస్తాయి, తీర్చవు. నిద్రకు మందు నిద్ర ఒక్కటే.

రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని మోటారు రవాణా కార్మికులకు చట్టం 1961లోనే చెప్పింది. రోడ్డు మీద అది ఎంతవరకు అమలవుతోందో అందరికీ తెలుసు. కాబట్టి పనిలో చేరేముందే అడగాలి: దూరపు ట్రిప్పుకు ఇద్దరు డ్రైవర్లను ఇస్తారా? ఆలస్యమైతే జీతంలో కోస్తారా? లోడు దిగే వరకు ఆగిన రోజులకు బత్తా ఉందా? 2025 అక్టోబరు 1 తర్వాత తయారైన లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. ఎండాకాలం క్యాబిన్‌లో పడుకునే మనిషికి ఇది చిన్న సౌకర్యం కాదు. కానీ పాత బండ్లు ఇంకా చాలా ఏళ్లు తిరుగుతాయి.

నువ్వు డ్రైవరువని రుజువేది?

ఈ రంగంలో నియామక పత్రాలు అరుదు. నోటి మాట మీద చేరతారు, చేతికి డబ్బు తీసుకుంటారు. ప్రమాదం జరిగినప్పుడు ఇల్లాలు పరిహారం కోసం వెళితే మొదట అడిగేది, ఆయన ఆ బండి డ్రైవరేనని రుజువు ఉందా అని. పనిలో గాయపడ్డ, చనిపోయిన ఉద్యోగికి యజమాని పరిహారం ఇవ్వాలన్న చట్టం ఈ దేశంలో 1923 నుంచి ఉంది. హక్కు ఉన్నా రుజువు లేక పోగొట్టుకోవడం మనవాళ్ల ఇళ్లలో మామూలైంది.

కాబట్టి జీతం బ్యాంకులోనో ఫోన్‌పేలోనో వేయించుకోవాలి. ప్రతి ట్రిప్పు షీటునూ ఫొటో తీసి ఇంటికి పంపాలి. బండి బీమాలో జీతం తీసుకునే డ్రైవరుకు రక్షణ ఉందో లేదో పాలసీ చూసి తెలుసుకోవాలి. 16 నుంచి 59 ఏళ్ల మధ్యవారు ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా పథకం ఉంది, 70 ఏళ్ల వరకు అర్హత.

ప్రమాదం జరిగితే పారిపోకూడదని కూడా నేర్పాలి. జనం కొడతారన్న భయం నిజమే. ప్రాణభయం ఉంటే దూరంగా వెళ్లి వెంటనే 112కు ఫోను చేసి, దగ్గరి స్టేషనులో చెప్పాలి. గాయపడినవారికి వైద్యం అందేలా చూడడం, పోలీసులకు తెలపడం డ్రైవరు బాధ్యత అని చట్టం చెబుతోంది.

సొంత లారీ ఆశ, గల్ఫ్ ఆశ

లైసెన్సు రాగానే బంధువులు, దాతలు కలిసి సెకండ్ హ్యాండ్ లారీ కొనిపెడదామనుకుంటారు. మంచి మనసే, కానీ తొందర. నెల కిస్తీ, టైర్లు, బీమా, టాక్సు, మరమ్మతు ఆగవు. లోడు మాత్రం ఆగుతుంది. కిస్తీ కట్టాలన్న ఒత్తిడిలో మనిషి నిద్ర మానతాడు, అధిక లోడు వేస్తాడు. అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నుకు మరో 2,000. ఒక్క తనిఖీతో ఆ ట్రిప్పు లాభమంతా పోతుంది. వడ్డీ అప్పు అయితే దానికి తోడు మనసుకు శాంతీ ఉండదు. కనీసం మూడేళ్లు ఒకరి దగ్గర నడిపి, లోడు ఎవరిస్తారో, ఏ దారిలో ఎంత మిగులుతుందో తెలిశాకే సొంత బండి మాట.

గల్ఫ్ హెవీ డ్రైవరు వీసా అని డబ్బు అడిగేవారి విషయంలో మరింత జాగ్రత్త. విదేశాంగ శాఖ దగ్గర నమోదైన ఏజెంటేనా అని ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చు. నమోదైన ఏజెంటు సేవా రుసుము 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, మించకూడదు. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామంటే ఒప్పుకోకూడదు. ఇక్కడి లైసెన్సు ఉన్నా అక్కడ మళ్లీ పరీక్ష పాసవ్వాల్సి రావచ్చు. యాభైకి దగ్గరపడ్డ మనిషి అప్పు చేసి అంత దూరం పోయేముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించాలి.

సాయం ఎక్కడ పడాలి?

ప్రభుత్వ ఫీజులు పెద్దవి కావు. కేంద్ర నిబంధనల ప్రకారం లెర్నర్‌కు ఒక తరగతికి 150, డ్రైవింగ్ పరీక్షకు 300, లైసెన్సుకు 200 రూపాయలు. రాష్ట్ర సర్వీసు చార్జీలు అదనం. అసలు ఖర్చు శిక్షణ రుసుము. అంతకన్నా పెద్దది పైకి కనిపించని ఖర్చు. ఆరు వారాలు కూలికి పోకుండా నేర్చుకునే మనిషి ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి? చాలామంది సగంలో మానేసేది తెలివి లేక కాదు, ఇంట్లో బియ్యం లేక.

అందుకే ఈ క్రమం ఆలోచించండి. ముందు కన్ను, షుగరు, ఛాతీ పరీక్షలు, అవసరమైతే కళ్లజోడు. తర్వాత శిక్షణ రుసుము మనిషి చేతికి కాకుండా నేరుగా స్కూలుకు. శిక్షణ సాగిన వారాలకు ఇంటికి రేషన్. లైసెన్సు వచ్చాక నమ్మకమైన యజమాని దగ్గర రెండో డ్రైవరుగా చోటు. ఈ చివరిది డబ్బుతో రాదు, పరిచయంతో వస్తుంది. మన దాతల్లో లారీలు ఉన్నవారు, మిల్లులు, గోదాములు ఉన్నవారు ఒక్కో మనిషికి ఆరు నెలలు చోటిస్తే, అది చెక్కు కన్నా విలువైన సాయం. శిక్షణ ఖర్చు ఖర్జె హసనాగా ఇచ్చి, సంపాదన మొదలయ్యాక కొద్దికొద్దిగా తిరిగి తీసుకుంటే అదే సొమ్ము ఇంకొకరికి పనికొస్తుంది. జకాత్ సొమ్ము దీనికి వాడవచ్చా అన్నది ఉలమాను అడిగి తేల్చుకోవలసిన సంగతి.

అందరూ ఈ పనికి సరిపోరు. చూపు బాగాలేని వారు, తాగుడు మానని వారు, ఇంట్లో మంచాన పడ్డ మనిషిని వదలలేని వారు దీనికి రాకూడదు. ఆ మాట మొహమాటం లేకుండా మొదటి రోజే చెప్పడం వాళ్లకూ రోడ్డు మీద నడిచేవారికీ మేలు. సరిపోయే మనిషి ఒక్కడు దొరికినా చాలు. పిల్లల ఫీజు కోసం ఏటా మన గడప ఎక్కే ఒక తండ్రి, రెండేళ్ల తర్వాత ఆ ఫీజు తానే కట్టుకుంటాడు. ఆ ఏడాది మన జాబితాలో ఒక పేరు తగ్గుతుంది. ఆ ఖాళీలో ఇంకో ఇంటి పేరు రాసుకోవచ్చు.